ఒంటికాలి పరీక్ష

డ్రైవింగ్ స్కూలు కారులో పక్క సీటు ముందు కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాళ్ళు కంగారులో కాలెక్కడ పెట్టాలో మరిచిపోయినప్పుడు నేర్పేవాళ్ళు తొక్కడానికి. ఆ బ్రేకు మీద కాలుంచి ఊళ్ళో సగం మందికి కారు నేర్పిన మనిషిని అందరూ బ్రేక్ మేడం అనేవారు. ఆవిడ నోరు చేసుకోగా చూసినవాళ్ళు లేరు. కోపమొస్తే కాలే మాట్లాడేది. కారు టక్కున ఆగేది, నేర్చుకునేవాడి గుండె ఒకసారి నోట్లోకి వచ్చి వెళ్ళేది, చేసిన తప్పేమిటో ఎవరూ చెప్పకుండానే వాడికి తెలిసిపోయేది.

అలాంటి మనిషికి రొమ్ములో గడ్డ తేలింది. క్యాన్సరే అన్నారు. ఆపరేషన్ చేసి ఆ రొమ్మునూ, ఆ పక్క చంకలోని కొన్ని గ్రంథులనూ తీసేశారు. తర్వాత నెలల తరబడి మందులెక్కించారు, రేడియేషన్ కరెంటు పెట్టారు. అన్నీ అయ్యాయి. రాలిన జుట్టు బూట్ల బ్రష్షులా మళ్ళీ మొలవడం మొదలుపెట్టింది. గండం గడిచిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు, ఒక్క బ్రేక్ మేడం తప్ప. ఎందుకంటే అప్పటికి ఇల్లు ఆవిడ చేతుల్లో లేదు. వార్డెనమ్మ చేతుల్లో ఉంది.

వార్డెనమ్మ అంటే ఆవిడ ఆడపడుచు, భర్తకు స్వయానా అక్క. ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేసి రిటైరైంది. ఆపరేషనప్పుడు సాయానికని ఒక చిన్న పెట్టెతో వచ్చింది. తర్వాత పెద్ద పెట్టె తెప్పించుకుంది. రాత్రింబగళ్ళు మరదలికి సేవ చేసిందనడంలో అబద్ధం లేదు. వాంతులెత్తిపోసింది, పక్క మార్చింది, అన్నం కలిపి పెట్టింది. అయితే హాస్టల్ నడిపిన చెయ్యి కదా, ఊరుకోలేదు. ఇంట్లో దీపాలార్పే వేళ, తలుపు గడియ పెట్టే వేళ, పెద్దగా నవ్వకూడని వేళ ఒకటొకటిగా ఏర్పడ్డాయి.

వాటన్నిటికీ పై రూలు ఒకటుండేది. ఆపరేషనైన పక్క చేత్తో మరదలు ఏమీ ఎత్తకూడదు. అలా ఎత్తితే చెయ్యి వాచిపోతుందని, వాచిందంటే ఇక తగ్గదని ఆవిడ ఎక్కడో వింది. ముందు నీళ్ళ బిందె వద్దంది. తర్వాత చెంబు, ఆ తర్వాత గ్లాసు. చివరికి వార్తాపత్రిక కూడా బరువేనని తేల్చి సగం పేజీలు విడదీసి ఇచ్చేది, మిగతా సగం సాయంత్రం ఇస్తానని మరిచిపోయేది. ఆ ఏడాదంతా ఏ వార్త ఎలా ముగిసిందో బ్రేక్ మేడంకి తెలియలేదు.

భర్తకు కళ్ళజోళ్ళ దుకాణం ఉండేది. మెత్తటి మనిషి. అక్క చెప్పినా అవుననేవాడు, పెళ్ళాం చెప్పినా అవుననేవాడు, ఇద్దరూ ఒకేసారి చెబితే కళ్ళజోడు తీసి తుడుచుకునేవాడు.

ఒకరోజు ముగ్గురూ డాక్టరుగారి దగ్గరకు వెళ్ళారు. ఆయన రిపోర్టులన్నీ చూసి అంతా బాగుందన్నారు. కాకపోతే కండ కరిగిపోయిందని, వేసుకునే బిళ్ళల వల్ల ఎముకలు కూడా పల్చబడే అవకాశముందని, కాబట్టి ఇకనుంచి బరువులెత్తే వ్యాయామం చెయ్యాలని చెప్పారు.

వార్డెనమ్మ ఒంటికాలి మీద లేచింది. చచ్చి బతికిన పిల్ల చేత బరువులెత్తించడం ఏ చదువులో రాసుందని అడిగింది. డాక్టరుగారు ఇలాంటి బంధువుల్ని చాలామందిని చూసిన మనిషి. నిదానంగా చెప్పారు. రాగానే ఎవరూ చేతికి బరువివ్వరు. కింద వ్యాయామం గది ఉంది, అక్కడ ముందు ఒళ్ళు ఎలా కదులుతోందో చూస్తారు. కుర్చీలోంచి ఎలా లేస్తున్నారు, ఎలా వంగుతున్నారు, చేతులు ఎంతవరకు లేస్తున్నాయి, అన్నీ పరీక్ష చేసి, ఏ బరువు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో ఆ తర్వాతే చెబుతారు.

ఆ మాటల్లో పరీక్ష అన్న ఒక్క ముక్కే ముగ్గురి చెవుల్లోనూ ఉండిపోయింది. పరీక్షంటే తప్పడానికి కూడా వీలుంటుందని వార్డెనమ్మ శాంతించింది. భర్తకు తన దుకాణం గుర్తొచ్చింది. బ్రేక్ మేడంకి మాత్రం చెమటలు పట్టాయి. ఎంతోమందిని లైసెన్సు పరీక్షకు పంపిన మనిషే గాని, తను పరీక్ష రాసి ఎన్ని యుగాలైందో. పైగా ఆవిడ మనసులో ఒక లెక్క ఉంది. ఈ పరీక్ష పాసైతే ఒంట్లో బాగున్నట్టే. బాగున్నట్టైతే మళ్ళీ కారెక్కవచ్చు. డాక్టరు సరేనన్న మర్నాడే రమ్మని స్కూలు యజమాని ఎప్పుడో చెప్పి ఉంచాడు. వార్డెనమ్మకు తెలియకుండా పరీక్ష అయ్యాక వచ్చే సోమవారమే వెళ్ళిపోవాలని ఆవిడ నిశ్చయించుకుంది.

"పరీక్ష ఏదైనా ముందు తెలిస్తే చాలు," అన్నాడు భర్త ఆ రాత్రి భోజనాల దగ్గర, అక్క వంటింట్లోకి వెళ్ళాక. లైసెన్సు కోసం కంటిచూపు పరీక్షకు వచ్చేవాళ్ళలో కొందరు అక్షరాల పలకలోని చివరి వరుసను బట్టీ పట్టి వస్తారని, కళ్ళు మూసుకున్నా గడగడా చదివేస్తారని ఆయనకు అనుభవం. అలాంటివాళ్ళ కోసమే తన దగ్గర రెండు పలకలున్నాయన్న సంగతి మాత్రం ఆ సమయంలో ఆయనకు తట్టలేదు.

అదృష్టం కొద్దీ ఆ వారం దుకాణానికి ఒకావిడ కొత్త జోడు కోసం వచ్చింది. మాటల్లో ఆవిడకూ ఇదే ఆపరేషనైందని, అదే గదిలో పరీక్ష చేయించుకుందని తెలిసింది. ఫ్రేములు చూస్తూ చూస్తూనే అక్కడ ఏమేం చేయించారో చేసి చూపించింది. కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవాలి. రెండు చేతులతో ఒక కర్ర తలపైకెత్తి పట్టుకుని గుంజిళ్ళు తీస్తున్నట్టు కిందికి దిగాలి. చెయ్యి వెనక్కి తిప్పి వీపు అందుకోవాలి. ఆయన అంతా మనసులో పెట్టుకుని ఆవిడకు జోడు ధర తగ్గించి మరీ ఇచ్చాడు.

మర్నాటినుంచి సాధన. వార్డెనమ్మ మధ్యాహ్నం ఒక కునుకు తీస్తుంది. ఆ వేళకు గాలి పీల్చుకుని వస్తానని చెప్పి బ్రేక్ మేడం దుకాణానికి వెళ్ళేది. కర్ర లేదు కాబట్టి షట్టరు దించే కొక్కెం కర్రే కర్ర. కళ్ళజోళ్ళ దుకాణం కావడంతో నాలుగు గోడలకూ అద్దాలే. ఒక మనిషి చేతులెత్తితే పటాలమంతా ఎత్తినట్టుండేది.

కుర్చీలోంచి లేవడం సులువుగానే వచ్చింది. చేతి దగ్గరే చిక్కొచ్చింది. ఆపరేషనైన పక్క చెయ్యి చెవి దాకా కూడా రాకుండా ఆగిపోయేది, లోపలినుంచి ఎవరో తాడుతో గుంజినట్టు. ఇంకా ఎత్తబోతే కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. మూడో నాడు ఆవిడకో కిటుకు దొరికింది. నడుం కాస్త పక్కకు ఒంచి, వీపు కొంచెం విరిచి నిలబడితే ఎదుటి అద్దంలో చెయ్యి నిటారుగా ఉన్నట్టే కనిపిస్తోంది. భర్త ఒంటికన్ను మూసి కొలిచాడు. ఇంకొంచెం ఒరగమన్నాడు. సరిగ్గా అక్కడే ఆగమన్నాడు. ఇంత ఒరగాలని, ఇంతకు మించకూడదని, నవ్వుముఖం పెట్టాలని ఇద్దరూ కలిసి దాన్ని నున్నగా తోమారు.

ఆ రోజు ఒక పెద్దాయన జోడు బిగించమని ఇచ్చి బల్ల మీద కూర్చున్నాడు. జోడు లేకపోతే ఆయనకు చెయ్యి చాచినంత దూరంలో మనిషి కూడా మసకే. కాసేపు కళ్ళు చికిలించి చూసి, లోపల ఎవరో చేతులెత్తి నిలబడ్డారని, దొంగలు పడ్డారా ఏమిటని మెల్లిగా అడిగాడు. కాదండీ, మా ఆవిడ పరీక్షకు చదువుకుంటోందన్నాడు దుకాణదారు. ఏ పరీక్షో ఆయన అడగబోయేంతలో గుమ్మంలో వెలుతురు తగ్గింది. గొడుగు పట్టుకుని వార్డెనమ్మ నిలబడి ఉంది.

నీళ్ళ గ్లాసు ఎత్తకూడని మరదలు ఇనప కొక్కెమున్న నిలువెత్తు కర్రను తలపైకెత్తి, నడుం వంకరగా పెట్టి, అద్దాలన్నిట్లోనూ నవ్వుతోంది. పక్కన తమ్ముడు ఇంకొంచెం ఒరుగు అంటున్నాడు. వార్డెనమ్మ అరవలేదు. హాస్టల్లో కూడా ఆవిడ అరిచిన రోజులకంటే అరవని రోజులే ప్రమాదం. లోపలికి వచ్చి, కర్ర అందుకుని, దాని చోట దాన్ని తగిలించింది.

"పరీక్షకు నేనూ వస్తున్నాను," అంది.

వ్యాయామం గది ఆసుపత్రి అడుగు అంతస్తులో ఉంది. నీలం చాపలు, ఒక గోడకు నిలువుటద్దం, చేతుల్లేని కుర్చీలు, ఒక కొయ్యకు గుత్తులుగా వేలాడే రంగురంగుల రబ్బరు పట్టీలు, అరల్లో చిన్నవి ముందు పెద్దవి వెనకగా పేర్చిన డంబెల్స్. అక్కడి ఫిజియో ముప్పై దాటని అమ్మాయి. తొందరన్నది ఎరగనట్టు మాట్లాడుతుంది. భర్తను బయట కూర్చోబెట్టారు. వార్డెనమ్మను కూడా కూర్చోబెట్టబోయారు గాని అది అయ్యే పని కాదని ఆ అమ్మాయికి ఒక్క చూపులోనే అర్థమైంది.

వార్డెనమ్మ ముందు ఆ అమ్మాయికే పరీక్ష పెట్టింది. ఎంత చదివావంది, ఎన్నాళ్ళుగా చేస్తున్నావంది, నీ బరువుల వల్ల ఎంతమందికి చేతులు వాచాయంది. ఫిజియో విసుక్కోలేదు. ఒకప్పుడు అందరూ అలాగే భయపడేవాళ్ళని, తక్కువ బరువుతో మొదలుపెట్టి కనిపెట్టుకుంటూ కొంచెం కొంచెంగా పెంచితే భయం లేదని తర్వాత తెలిసిందని, అసలు ఎత్తకుండా దాచిన చెయ్యే రానురాను బలహీనపడుతుందని చెప్పింది. టేపు తెచ్చి రెండు చేతులనూ మణికట్టు నుంచి భుజం దాకా కొలిచి రాసుకుంది. ఏ కాస్త తేడా వచ్చినా ముందే తెలుస్తుందంది. ఆ కొలిచే పద్ధతి వార్డెనమ్మకు నచ్చింది. నచ్చినట్టు కనిపించకుండా గోడకేసి చూసింది.

పరీక్ష మొదలైంది. కుర్చీలోంచి బ్రేక్ మేడం చకచకా లేచి కూర్చుంది. కిందికి దిగి లేచింది. ఇక చేతులెత్తమన్నారు. ఆవిడ ఊపిరి బిగబట్టి, ఒరగవలసినంత ఒరిగి, విరవవలసినంత విరిచి, నవ్వుముఖంతో ఎత్తింది. దుకాణంలో కూడా ఇంత బాగా రాలేదు.

ఫిజియో గోడ దగ్గరకు రమ్మని పిలిచింది. మడమలు, నడుము, తల వెనకభాగం గోడకు ఆన్చి మళ్ళీ ఎత్తమంది. గోడ ఒరగనివ్వదు, విరవనివ్వదు. చెయ్యి భుజం దాటి కాస్త దూరం పోయి ఆగింది. ఎంత గింజుకున్నా కదల్లేదు.

"ఇందాక లేచింది చెయ్యి కాదు మేడం, నడుము," అంది ఫిజియో. ఆ మాటలో ఎగతాళి లేదు. చంక కింద వేలితో తడిమి చూసి, చర్మం కింద సన్నటి తీగలా బిగిసినది ఒకటుందని చూపించింది. ఆపరేషన్ తర్వాత కొందరికి ఇలా వస్తుందని, మెల్లిగా సాగదీస్తూ పోతే వదులవుతుందని చెప్పింది. అలా వంకరగా నిలబడి బరువెత్తి ఉంటే మాత్రం చెయ్యి బాగుపడకపోగా నడుం పోయేదంది.

బ్రేక్ మేడం మొహం చిన్నబోయింది. అయితే ఫెయిలేనా అని అడిగింది. ఇందులో పాసూ ఫెయిలూ లేవని, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం కోసమేనని ఆ అమ్మాయి చెప్పింది. బ్రేక్ మేడంకి అది రుచించలేదు. తన వృత్తిలో అలాంటి పరీక్ష ఎక్కడా లేదు. బండి ఎక్కనిస్తారు, లేకపోతే దింపేస్తారు. అంతే.

ఆ తర్వాత ఒంటికాలి మీద నిలబడమన్నారు. ఈ అంశం కళ్ళజోడావిడ చెప్పలేదు. ఫ్రేముల హడావిడిలో మరిచిపోయి ఉంటుంది. సాధన లేని ప్రశ్న. ఒక కాలి మీద ఎలాగో నెగ్గుకొచ్చింది. రెండో కాలి మీద, అంటే ఎప్పుడూ బ్రేకు మీదుండే కాలి మీద నిలబడగానే అటూ ఇటూ ఊగింది. కళ్ళు మూసుకోమన్నారు. మూసుకున్న మరుక్షణం ఫిజియో చేతుల్లో పడింది.

ఆ అమ్మాయి ఆవిడను కూర్చోబెట్టి మేజోళ్ళు తీయించింది. కళ్ళు మూసుకునే ఉండమని, తను ముట్టుకున్నప్పుడల్లా ఏ వేలో చెప్పమని అంది. దూదితో మొదలుపెట్టింది.

బ్రేక్ మేడం కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి, "ఇంకా మొదలుపెట్టలేదా అమ్మా?" అని అడిగింది.

కళ్ళు తెరిచింది. ఫిజియో వేలు తన చిటికెనవేలి మీదే ఉంది. దూది పక్కన పెట్టేసి చాలాసేపై ఉంటుంది. వేలితో గట్టిగానే నొక్కుతోంది. ఎదురుగా వార్డెనమ్మ ఆ వేలునే చూస్తోంది.

మందులెక్కించేటప్పుడు మొదలైన తిమ్మిరి అది. ముందు వేళ్ళ కొసలకు, తర్వాత అరికాళ్ళకు. దూది మీద నడుస్తున్నట్టుండేది. అందరికీ తగ్గిపోతుందిలే అనుకుంది. ఆ మధ్య రెండుసార్లు వీధిలోంచి ఒక చెప్పుతోనే ఇంటికి వచ్చింది. చెప్పు ఎక్కడ జారిపోయిందో తెలియలేదు. చెప్పులు వదులుగా ఉన్నాయని సర్దిచెప్పింది, వార్డెనమ్మ వెళ్ళి చెప్పుల కొట్టువాడిని కడిగేసి వచ్చింది కూడా. డాక్టరు అడిగినప్పుడల్లా కాళ్ళు బాగానే ఉన్నాయనే చెబుతూ వచ్చింది.

ఎందుకు చెప్పలేదని ఫిజియో అడిగింది.

"చెబితే కారెక్కనివ్వరుగా."

తను చేసేది ఏ పనో అప్పుడు చెప్పింది. అంతా విని ఆ అమ్మాయి, చేతి సంగతి మనం చూసుకుందాం, ఇవాళే మొదలుపెట్టొచ్చు, కాని కాలి సంగతి డాక్టరుగారికి చెప్పకుండా ఉండలేను అంది. తర్వాత కాస్త ఆగి అడిగింది. "మీ దగ్గరకు నేర్చుకోవడానికొచ్చిన మనిషికి, బ్రేకు మీద కాలుందో లేదో తెలియదనుకోండి. మీరేం చేస్తారు?"

బ్రేక్ మేడం తన పాదాల వంక చూసుకుంది. అబద్ధమాడటానికి వీల్లేని ప్రశ్న.

"దింపేస్తాను," అంది. ఆపరేషన్ రోజున కూడా ఏడవని మనిషి, రెండు మేజోళ్ళు ఒళ్ళో పెట్టుకుని ముఖం పక్కకు తిప్పుకుంది.

ఇప్పుడిక వార్డెనమ్మ గెలిచినట్టే. నేను చెప్పలేదా అనడానికి ఇంతకు మించిన సమయం దొరకదు. ఆవిడ లేచి నిలబడింది. అయితే నోరు తెరిచేసరికి వేరే మాటలొచ్చాయి.

"ఒంటికాలి మీద ఎవరు నిలబడతారమ్మాయ్? ఇదేం పరీక్ష? మా మరదలికే రాలేదా? ఒక్క బిళ్ళ మింగి ఎరగని మనిషిని, నాకూ రాదు. చూడు కావాలంటే."

చూడమన్నది చూపించింది కూడా. గొడుగు కుర్చీకి తగిలించి, ఒక కాలు పైకెత్తింది. కోపమొచ్చినప్పుడల్లా ఒంటికాలి మీద లేచే మనిషి నిజంగా ఆ కాలి మీద నిలబడాల్సి వచ్చేసరికి రెప్పపాటు కూడా నిలవలేదు. పడబోతూ చేతికందిన కొయ్యను పట్టుకుంది. కొయ్య గోడనుంచి ఊడింది. రబ్బరు పట్టీలన్నీ గుత్తులు గుత్తులుగా ఆవిడ మీద పడ్డాయి. ఫిజియో పట్టుకోబట్టి సరిపోయింది గాని, లేకపోతే ఆ గదిలో రెండో పేషెంటు తయారయ్యేది. మెడలో ఎర్రవీ పచ్చవీ పట్టీలతో వార్డెనమ్మ కుర్చీలో చతికిలబడింది.

చప్పుడుకు భర్త లోపలికి పరిగెత్తుకొచ్చాడు. అక్క అలంకారం చూసి అప్పుడే కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

ఫిజియో పట్టీలు తీస్తూ, కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేవండి చూద్దామంది. వార్డెనమ్మ ముందుకు ఊగింది, లేవలేదు. మళ్ళీ ఊగింది, లేవలేదు. కుర్చీ పల్లంగా ఉందంది. వేరే కుర్చీ వేశారు. అది ఎత్తుగా ఉందంది. మూడో దాంట్లో కూర్చుని, లేవడం పరీక్షలో ఉందని తనకు ముందుగా ఎవరూ చెప్పలేదంది. బ్రేక్ మేడం అప్పటిదాకా బిగబట్టుకుని ఉంది. ముఖం ఇంకా తడిగానే ఉంది. ఆ మాటతో పగలబడి నవ్వింది. అలా నవ్వి ఎంత కాలమైందో ఆవిడకే తెలియదు. మొదట వార్డెనమ్మ కోపంగా చూసింది. తర్వాత ఆవిడ పొట్ట కూడా కదలడం మొదలైంది.

భర్తనూ వదల్లేదు. ఏళ్ళ తరబడి చిన్న చిన్న స్క్రూల మీద వంగి కూర్చున్న మెడ ఏ పక్కకూ సరిగ్గా తిరగలేదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగేవాడని అప్పుడు గాని ఇంట్లోవాళ్ళకు తట్టలేదు. ముగ్గురిలో కుర్చీలోంచి చక్కగా లేచింది ఒక్క బ్రేక్ మేడమే. తోడుగా వచ్చినవాళ్ళు కూడా చేరొచ్చని ఫిజియో అంది. ఇంటికి వెళ్ళేటప్పుడు దారిలో వార్డెనమ్మ మరదలి పక్కన నడిచింది. చివరికి, చెప్పుల కొట్టువాడిని అనవసరంగా తిట్టానే అంది. అంతే. కాళ్ళ సంగతి తన దగ్గర దాచినందుకు ఆవిడ అన్న మాట అదొక్కటే.

ఆ సోమవారం బ్రేక్ మేడం కారెక్కలేదు. తనే స్కూలుకు వెళ్ళి యజమానికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన బోర్డు క్లాసులు చెప్పమన్నాడు. రోడ్డు గుర్తులు, ఎడం కుడి నియమాలు, ఏ మలుపులో ఎవరు ఆగాలి. వారానికి రెండు రోజులు ముగ్గురూ వ్యాయామం గదికి వెళ్ళారు. ముందు గోడను తోయడం. తర్వాత రబ్బరు పట్టీ లాగడం. తర్వాత అరలో అన్నిటికంటే ముందున్న డంబెల్. మరదలు దాన్ని మొదటిసారి ఎత్తినప్పుడు వార్డెనమ్మ కింద రెండు దోసిళ్ళూ పట్టి నిలబడింది, ఏదో ఒలికిపోతుందన్నట్టు. ఫిజియో ఎంత చెప్పినా కదల్లేదు. ఆవిడ దోసిళ్ళ మీదుగానే డంబెల్ లేచింది, దిగింది, మళ్ళీ లేచింది.

ఆ సాయంత్రం వార్డెనమ్మ సొంతంగా ఒక టేపు కొనుక్కొచ్చింది. పొద్దున లేవగానే ఒకసారి, భోజనం ముందొకసారి, భోజనం తర్వాత ఒకసారి మరదలి చెయ్యి కొలిచేది. చెయ్యి వాయలేదు. ఇంకా చాలా రోజులు వాయలేదు. చివరికి ఫిజియోయే ఆ టేపు లాక్కుని అరలో పెట్టేసింది. మర్నాడు వార్తాపత్రిక పూర్తిగా, అన్ని పేజీలతో, మరదలి చేతికి వచ్చింది.

చంకలోని తీగ ఎప్పుడు వదులైందో తెలియకుండానే వదులైంది. గోడకు ఆనుకుని ఎత్తితే చెయ్యి చెవి దాటింది. కాళ్ళ పని మాత్రం మొండికేసింది. డాక్టరుగారు మందు రాసి, కొందరికి స్పర్శ పూర్తిగా తిరిగి రాదని ముందే చెప్పారు. వంటింట్లో గట్టు పట్టుకుని ఒంటికాలి మీద నిలబడటం, వేళ్ళతో తువ్వాలు దగ్గరకు లాగడం, కళ్ళు మూసుకుని బండ చల్లగా ఉందో లేదో చెప్పడం. బొటనవేలు ముందు తిరిగొచ్చింది. స్నానాల గదిలో నీళ్ళు వేడిగా తగిలాయని ఒక ఉదయం ఆవిడ కేక వేస్తే ఏమైందోనని ఇద్దరూ ఉరికారు. మిగతా వేళ్ళు ఒకటొకటిగా వచ్చాయి. చిటికెనవేలు రాలేదు. చిటికెనవేలుతో బ్రేకు తొక్కరులెమ్మని డాక్టరుగారూ ఫిజియో కలిసి తేల్చారు. ముందు ఖాళీ మైదానంలో, పల్చటి అడుగున్న బూట్లతో, స్కూలు యజమానే స్టీరింగు పట్టుకుని, ఆవిడను పక్కన కూర్చోబెట్టుకుని బ్రేకు తొక్కించి చూశాడు. ఎన్నిసార్లు తొక్కమన్నా కారు ఆగాల్సిన చోటే ఆగింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు రోడ్డెక్కింది.

వార్డెనమ్మ పెద్ద పెట్టె సర్దుకుంటానని రెండుసార్లు అంది. వ్యాయామం గదిలో ఇంకా బరువు పెంచవలసి ఉందని రెండుసార్లూ ఆగిపోయింది. అక్కడ ఆవిడకిప్పుడు పలుకుబడి పెరిగింది. కొత్తగా వచ్చినవాళ్ళు నడుం వంచితే గది అవతలినుంచే పట్టేస్తుంది.

ఒక ఆదివారం ఆవిడ కళ్ళజోడు పుల్ల ఊడింది. తమ్ముడు భోజనాల బల్ల మీద పెట్టుకుని బిగిస్తుంటే చీమ తలంత స్క్రూ జారి కింద పడింది. ఎవరూ కదలొద్దన్నాడాయన. ముగ్గురూ ఉన్నచోటే మోకాళ్ళ మీదికి దిగి, నేల తడుముతూ బల్ల చుట్టూ పాకారు. కుర్చీల కింద, బీరువా కింద, చాప అంచుల్లో వెతికారు. కాసేపటికి ఆయాసమొచ్చి, ఇక దొరకదు, దుకాణంలో ఇంకోటి ఉందని ఆయన బల్ల పట్టుకుని లేచాడు. బ్రేక్ మేడం ఒక మోకాలు ముందుకు పెట్టి, చేతులు ఆన్చకుండా లేచి, వదినగారికి చెయ్యి అందించింది.

వార్డెనమ్మ ఆ చేతి వంక చూసి వద్దంది. తను లేస్తానంది.

"ముందు మోకాలు. ఊఁ. తర్వాత పాదం ఇక్కడ. నడుం నిటారుగా. ఊపిరి వదులు," అని హాస్టల్ పిల్లలకు చెప్పినట్టు తనకు తనే గట్టిగా చెప్పుకుంటూ, మధ్యలో ఒకసారి ఆగి, ఊగి, మళ్ళీ సర్దుకుని, ఏమీ పట్టుకోకుండా లేచి నిలబడింది. జోడు లేకపోవడంతో ఎదుటివాళ్ళ ముఖాలు సరిగ్గా కనబడలేదు గాని, చూశారా అన్నట్టు ఇద్దరి వైపూ తల తిప్పింది.

"చూశాం వదినా," అంది మరదలు.

"సరిగ్గా చూశారా? తమ్ముడు మెడ అటు తిప్పి ఉన్నట్టున్నాడే."

చూశానన్నాడాయన. ఆవిడకు నమ్మకం కలగలేదు. ఎలాగూ స్క్రూ దొరకలేదు కదా అని, మళ్ళీ మోకాళ్ళ మీదికి దిగింది.